ఫ్లోరెన్స్‌లో మకాం, చుట్టుపక్కల ఏ ఊళ్ళు? పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి

స్కూళ్ళకి సెలవులు దగ్గర పడ్డాయంటే మా రెడింగ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఫ్లోరెన్స్‌లో ఐదు రాత్రులు బుక్ చేశాం. అక్కడి నుంచి డే ట్రిప్పులకి ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చు?" పది నిమిషాల్లో జవాబులు వచ్చి పడతాయి. పీసా, సియెనా, చింక్వె తెర్రె, వెనిస్, రోమ్... ఐదు రోజులకి ఏడు ఊళ్ళు. మీతో ఎవరు వస్తున్నారని మాత్రం ఒక్కరూ అడగరు.

అసలు మొదట అడగాల్సింది అదేనని నాకు రెండు ప్రయాణాల తర్వాత తెలిసింది. మొదటిసారి ఆగస్టులో మేమిద్దరం, ఎనిమిదేళ్ళ అమ్మాయి, తోపుడు బండిలో మూడేళ్ళ బాబు. రెండోసారి, మూడేళ్ళ తర్వాత, అక్టోబర్ హాఫ్ టర్మ్‌లో. అప్పుడు తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉన్నారు. నాన్న జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు. 72 ఏళ్ళు, గుండెకి స్టెంట్ వేశారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఊరు ఒకటే, ట్రైన్లు అవే. కానీ మొదటిసారి బాగున్న ఊరు రెండోసారి పనికి రాలేదు, మొదటిసారి పట్టించుకోని ఊరు రెండోసారి మమ్మల్ని ఆదుకుంది.

ముందుగా వీసా మాట. అమ్మానాన్నలు యూకే విజిట్ వీసా మీద వస్తుంటే, ఇక్కడికి వచ్చాక షెంగెన్ వీసా చూసుకుందాం అనుకోకండి. మామూలుగా వాళ్ళు నివాసం ఉండే దేశంలోనే అప్లై చేయాలి. మావాళ్ళు హైదరాబాద్‌లో తీసుకునే బయల్దేరారు.

టైమ్ టేబుల్ చెప్పని గంటలు

టైమ్ టేబుల్‌లో ఫ్లోరెన్స్ నుంచి పీసా సుమారు గంట అని ఉంటుంది. అది సీట్లో కూర్చున్న గంట మాత్రమే. హోటల్ నుంచి శాంటా మరియా నొవెల్లా స్టేషన్‌కి పదిహేను నిమిషాలు, ముందుగా చేరుకోవడానికి ఇరవై నిమిషాలు, అక్కడ దిగాక టవర్ దాకా మామూలుగా ఇరవై ఐదు నిమిషాల నడక. మా అమ్మతో అయితే నలభై. మొత్తం రెండు గంటలు దాటింది. రానూ పోనూ నాలుగున్నర. రోజులో మనకి దక్కే తొమ్మిది పది గంటల్లో సగం ప్రయాణానికే పోయింది, అదీ "దగ్గర" అనుకున్న ఊరికి.

అందుకని నా లెక్క ఇది. టైమ్ టేబుల్‌లో ఎంత ఉందో దానికి పెద్దవాళ్ళుంటే గంట కలుపుతాను, దాన్ని రెండుతో గుణిస్తాను. ఐదు గంటలు దాటితే ఆ ఊరు డే ట్రిప్ కాదు, అక్కడ ఒక రాత్రి ఉండాలి. ఇక రెండో లెక్క కాళ్ళది. గుంపులో అందరికంటే తక్కువ నడవగలిగేవాళ్ళు ఎవరో చూసుకుని, వాళ్ళు స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఎలా చేరతారన్నది ముందు తేల్చుకోవాలి. టస్కనీలో చాలా ఊళ్ళు గుట్టల మీద ఉన్నాయి, స్టేషన్లేమో కింద లోయలో ఉంటాయి. ఫోటోల్లో ఈ సంగతి కనబడదు.

మా తప్పు: చింక్వె తెర్రె

సముద్రం పక్కన కొండకి అతుక్కున్న ఐదు రంగురంగుల పల్లెలు. మోంతెరోస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరె. ఫోటోలు చూసి ఆగలేకపోయాం. ఫ్లోరెన్స్ నుంచి పీసా మీదుగా లా స్పెజియా, అక్కడ మళ్ళీ పల్లెల మధ్య తిరిగే చిన్న ట్రైను. ఒక వైపే రెండున్నర గంటలు.

హోటల్లో ఏడింటికి బయల్దేరాం. లా స్పెజియాలో ట్రైను ఎక్కేసరికి నిలబడటానికి కూడా చోటు లేదు. ఆగస్టు మరి. కోర్నీలియాలో దిగాం. ఐదింటిలో సముద్రం ఒడ్డున కాకుండా పైన ఉన్నది అదొక్కటే. స్టేషన్ నుంచి ఊళ్ళోకి 382 మెట్లు. షటిల్ బస్సు ఉందని మాకు తెలియదు. మావారు తోపుడు బండి మోశారు, నేను బాబుని ఎత్తుకున్నాను, అమ్మాయి ఏడుస్తూ ఎక్కింది. తిరిగి వచ్చేటప్పుడు ఐస్‌క్రీం క్యూలో నిలబడి మా ట్రైను మేమే పోగొట్టుకున్నాం. రాత్రి పదింటికి హోటల్‌కి చేరాం. ఆ రోజు మొత్తం మీద ప్రశాంతంగా సముద్రం చూసింది నలభై నిమిషాలు ఉంటుందేమో.

అది బాగోలేదని నేను అనను. లా స్పెజియాలో రెండు రాత్రులు ఉండి చూడాల్సిన చోటు అది. పెళ్ళయిన కొత్త జంటో, కాలేజీ పిల్లలో అయితే ఒక్క రోజులో కూడా వెళ్ళి రాగలరు.

వెనిస్, రోమ్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఫాస్ట్ ట్రైనులో రోమ్ గంటన్నర, వెనిస్ రెండు గంటల పైన. వెళ్ళి రాగలమా అంటే రాగలం. కానీ అవి ఊళ్ళు కాదు, ఒక్కొక్కటీ వేరే ప్రయాణం. పైగా వెనిస్ 2024 నుంచి కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చి పోయేవాళ్ళ దగ్గర ప్రవేశ రుసుము కూడా తీసుకుంటోంది. మీరు వెళ్ళే తేదీ అందులో ఉందేమో చూసుకోవాలి.

పీసా, దానితో పాటు లూకా

పీసా గురించి "ఒక్క టవరే కదా, ఫోటో దిగి వచ్చేయడమే" అంటారు చాలామంది. నేనూ మొదటిసారి అదే చేశాను. రెండోసారి నాన్నతో వెళ్ళాక మాట మార్చుకున్నాను.

ముందు దారి చెబుతాను. అందరూ ఫ్లోరెన్స్ నుంచి నేరుగా పీసా సెంట్రల్ స్టేషన్‌కి వెళ్ళి ఊరంతా దాటుకుంటూ టవర్ దాకా నడుస్తారు. మేం తిరగేసి వెళ్ళాం. ఉదయం ఫ్లోరెన్స్ నుంచి లూకా. ఆ ట్రైను బోర్డు మీద లూకా అని వెతికితే కనబడకపోవచ్చు, వియరెజ్జో అని ఉంటుంది, అది చివరి స్టేషన్. గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. లూకా చూసుకుని, మధ్యాహ్నం అక్కడి నుంచి పీసా వెళ్ళే ట్రైను ఎక్కి, సెంట్రల్‌కి ముందు వచ్చే పీసా సాన్ రొస్సోరె అనే చిన్న స్టేషన్లో దిగాలి. అరగంట కూడా పట్టదు. అక్కడి నుంచి టవర్ ఐదు పది నిమిషాల నడక, నేలంతా సమానంగా ఉంటుంది. సాయంత్రం ఓపిక లేకపోతే టవర్ దగ్గర బస్సో టాక్సీయో ఎక్కి సెంట్రల్‌కి వెళ్ళి, నేరుగా ఫ్లోరెన్స్ ట్రైను అందుకోవచ్చు. అమ్మ మోకాళ్ళకి ఈ ఒక్క మార్పు చాలా మేలు చేసింది.

లూకా పెద్దవాళ్ళకీ చిన్నవాళ్ళకీ కూడా నేను మొదట చెప్పే ఊరు. స్టేషన్ ఎదురుగానే కోటగోడ. గోడ అంటే మన కరకట్టలా వెడల్పుగా, పైన చెట్లతో, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవున ఊరి చుట్టూ ఉంటుంది. 16, 17 శతాబ్దాల్లో శత్రువుల కోసం కట్టారు. శత్రువు రాలేదు కానీ 1812లో సెర్కియో నది వరద వచ్చింది. గేట్లు మూసి ఊరిని కాపాడుకున్నారట. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళకి ఆ గోడ విలువ వేరే చెప్పక్కర్లేదు, నాన్న దాని మీద నిలబడి చాలాసేపు కొలతలు వేశారు. నలుగురు కూర్చుని తొక్కే సైకిల్ బండ్లు అద్దెకిస్తారు. అమ్మని అందులో కూర్చోబెట్టి మావారూ అమ్మాయీ తొక్కారు. ఊళ్ళో రోమన్ల రంగస్థలం పునాదుల మీదే ఇళ్ళు కట్టుకోవడంతో కోడిగుడ్డు ఆకారంలో మిగిలిన ఒక చౌక్ ఉంది. చివర్న ఓక్ చెట్లు పెరిగిన గ్వినీజీ టవర్ ఉంది. దానికి రెండొందల పైన మెట్లు. మేం కింద నుంచే చూశాం.

మధ్యాహ్నం పీసా. ఇప్పుడు చెప్పేది టికెట్లు కొనే ముందే తెలుసుకోవాలి. టవర్ ఎక్కడానికి టైమ్ స్లాట్ టికెట్ ఉంటుంది, సీజన్‌లో ముందే ఆన్‌లైన్లో తీసుకోకపోతే దొరకదు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కనివ్వరు, ఎత్తుకుని తీసుకెళ్తామన్నా ఒప్పుకోరు. బ్యాగులు పైకి తీసుకెళ్ళనివ్వరు, కింద లగేజీ గదిలో పెట్టాలి. 250కి పైగా మెట్లు, లిఫ్టు లేదు. వందల ఏళ్ళుగా కాళ్ళు తగిలి పాలరాయి మెట్లు మధ్యలో గుంటలు పడ్డాయి, వాన పడితే జారతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కవద్దని వాళ్ళే రాసి పెట్టారు.

బాబుకి ఆరేళ్ళు, వాడు ఎలాగూ ఎక్కలేడు. అమ్మ ఎక్కదు. నేను కింద ఉంటాను. నాన్నకి స్టెంట్. అందుకని రెండే టికెట్లు కొన్నాను, మావారికి, అమ్మాయికి. నాన్నకి ఆ మాట అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆయన నలభై ఏళ్ళపాటు ప్రతి జూలైలో బోర్డు మీద ఆ టవర్ బొమ్మ వేసి గరిమనాభి పాఠం చెప్పారు. "ఎక్కనులే, నాకు మాత్రం తెలియదా? కానీ నన్నొక మాట అడిగితే సరిపోయేది కదమ్మా" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. పెద్దవాళ్ళని జాగ్రత్తగా చూసుకోవాలనే తొందరలో వాళ్ళ బదులు మనమే నిర్ణయాలు తీసేసుకుంటాం. మీరు మాత్రం టికెట్ బటన్ నొక్కే ముందు ఒక ఫోన్ చేసి అడగండి. వద్దంటే అది వాళ్ళన్న మాట అవుతుంది.

తర్వాత ఆయన పచ్చిక పక్కన బెంచీ మీద కూర్చుని బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం పక్కకి జరుపుతూ పేర్చి, బాబుకి చూపించారు. ఎంతవరకు జరిపితే పడదు, ఎప్పుడు పడుతుంది. పడిన బిస్కెట్లు బాబుకే. ఆ అరగంటలో నేనూ నా బీఎస్సీ సంగతులు కొన్ని దుమ్ము దులుపుకున్నాను.

కట్టడం మొదలైంది 1173లో. మూడో అంతస్తు వచ్చేసరికి దక్షిణం వైపు కుంగడం మొదలైంది, కింద మెత్తటి బంకమట్టి. పని ఆగిపోయింది. దాదాపు వందేళ్ళ తర్వాత 1272లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ వందేళ్ళలో కింద మట్టి బరువుకి గట్టిపడింది. ఆపకుండా కట్టి ఉంటే అప్పుడే కూలేదని ఇంజనీర్లు చెబుతారు. తర్వాత వచ్చిన మేస్త్రీలు కుంగిన వైపు రాళ్ళు కొంచెం ఎత్తుగా పేర్చి సరిచేయబోయారు. అందుకే టవర్ వాలడమే కాదు, కొద్దిగా అరటిపండులా వంగి కూడా ఉంటుంది. ఒక మూల నుంచి జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది.

1990లో మూసేశారు. అంతకు ముందు ఏడాదే పావియా అనే ఊళ్ళో పాత టవర్ ఒకటి కూలి నలుగురు చనిపోయారు. ముందు ఉత్తరం వైపు పునాది మీద వందల టన్నుల సీసం దిమ్మెలు పెట్టారు. తర్వాత అసలు వైద్యం చేశారు. వాలిన వైపు ఎత్తకుండా, ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు కింద నుంచి ఏటవాలు గొట్టాలతో కొద్దికొద్దిగా మట్టి తీశారు. టవర్ తనంతట తనే అటు సర్దుకుంది. పైభాగం సుమారు 45 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది, ఇప్పుడు వాలు నాలుగు డిగ్రీల దగ్గర ఉంది. 2001 డిసెంబర్లో మళ్ళీ తెరిచారు. ఇంకో విచిత్రం, ఇన్ని వందల ఏళ్ళలో గట్టి భూకంపాలు వచ్చినా ఇది కూలలేదు. మన బ్రిస్టల్ యూనివర్సిటీ ఇంజనీర్లు కూడా ఉన్న బృందం 2018లో చెప్పిన కారణం ఏమిటంటే, దాన్ని వాల్చిన మెత్తటి మట్టే భూమి ఊగినప్పుడు టవర్‌కి ఆ ఊపు పూర్తిగా అందకుండా చూసిందట.

పక్కనే ఉన్న పెద్ద చర్చిలోకి కూడా వెళ్ళండి. గెలీలియో అక్కడ వేలాడే దీపం ఊగడం చూసి లోలకం సూత్రం కనిపెట్టాడని మనం చదువుకున్నాం. ఇప్పుడున్న పెద్ద దీపం ఆ కథ జరిగిందని చెప్పే కాలం తర్వాత పెట్టింది. టవర్ మీంచి రెండు గుళ్ళు జారవిడిచిన కథ కూడా ఆయన శిష్యుడు వివియాని రాసిందే, నిజంగా జరగలేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నాన్న ఇదంతా విని, "అయినా పిల్లలకి కథగా చెబితేనే బుర్రకెక్కుతుంది" అన్నారు.

తిండి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పీసాలో చెచీనా అని దొరుకుతుంది. సెనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్ళెంలో పొయ్యిలో కాలుస్తారు. గుడ్డు లేదు, పాలు లేవు. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది మన సెనగపిండి అట్టే కదే! పచ్చిమిర్చి వేయడం మరిచిపోయారు" అంది. ఆ రోజు ఆవిడ కడుపునిండా తిన్నది అదే.

సియెనాకి ట్రైను కాదు, బస్సు

సియెనా విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు ట్రైను ఎక్కడం. ట్రైను గంటన్నర పడుతుంది, స్టేషన్ కింద ఉంటుంది, అక్కడి నుంచి వరసగా ఎస్కలేటర్లు ఎక్కి పైకి పోవాలి. బస్సు అయితే ఊరి నడిమధ్యకి దగ్గర్లో దింపుతుంది. 131ఆర్ అనే రాపిడా బస్సు గంటా పావులో వెళ్తుంది. ఆర్ లేని 131 దారిలో ఊరూరా ఆగుతుంది, అది ఎక్కకండి. బస్ ఎక్కడ ఎక్కాలో ముందు రోజు సాయంత్రమే వెళ్ళి చూసుకుంటే పొద్దున్నే పరుగులు ఉండవు.

ఊరు మాత్రం పూర్తిగా ఎత్తుపల్లాలు. పియాజ్జా దెల్ కాంపో అనే పెద్ద మైదానం గవ్వలా లోపలికి వాలి ఉంటుంది. పిల్లలు అక్కడ ఇటుక నేల మీద దొర్లారు, అందరూ అలాగే కూర్చుంటారు. నలుపు తెలుపు చారల చర్చి చూడాల్సిందే. 14వ శతాబ్దంలో దాన్ని ఇంకా పెద్దది చేయాలని మొదలుపెట్టారు, 1348లో ప్లేగు వచ్చి ఊరు సగం ఖాళీ అయింది. ఆగిపోయిన ఆ గోడ ఇప్పటికీ అలాగే మొండిగా నిలబడి ఉంది.

జూలై 2న, ఆగస్టు 16న పాలియో అనే గుర్రప్పందెం జరుగుతుంది. ఊళ్ళో 17 పేటలుంటే, ఒక్కో పందెంలో పది పేటల గుర్రాలు జీను లేకుండా మూడు చుట్లు తిరుగుతాయి, నిమిషంన్నరలో అయిపోతుంది. మైదానం మధ్యలో నిలబడితే ఉచితం, కానీ గంటల తరబడి ఎండలో, బయటికి రాలేకుండా. పిల్లలతో, పెద్దలతో ఆ రెండు తేదీల్లో వెళ్ళొద్దు. అమ్మ సియెనా నుంచి వచ్చాక రెండు రోజులు కాళ్ళకి నూనె రాసుకుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కాంపో దగ్గర ఒక కాఫీ షాపులో కూర్చోబెట్టి మిగిలినవాళ్ళు తిరిగి రావడం మంచిది. ఇంటికి తెచ్చుకోవాలంటే పాన్‌ఫోర్తె కొనండి, బాదం, తేనె, దినుసులతో చేసే గట్టి కేకు. మామూలుగా గుడ్డు ఉండదు, అయినా లేబుల్ చూడండి. రిచియరెల్లిలో గుడ్డు తెల్లసొన ఉంటుంది.

సాన్ జిమిన్యానోకి ట్రైను లేదు. పోజ్జిబోన్సీలో బస్సు మారాలి, ఆదివారం బస్సులు తక్కువ. ఒకప్పుడు 70కి పైగా ఉన్న టవర్లలో 14 మిగిలాయి. కారు ఉంటేనే బాగుంటుంది. కారు అంటే గుర్తొచ్చింది, ఇటలీ పాత ఊళ్ళ మధ్యలోకి అనుమతి లేని బండ్లు రాకూడదు. జెడ్‌టీఎల్ అని బోర్డు ఉంటుంది, కెమెరా ఫోటో తీస్తుంది, నెలల తర్వాత జరిమానా కాగితం ఇంటికి వస్తుంది. ఇండియా లైసెన్స్ మీద నడిపేవాళ్ళకి ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉండాలి.

వాన పడితే బొలోన్యా

అక్టోబర్లో మాకు ఒక రోజంతా వాన. ఆ రోజు సియెనా అనుకున్నది మార్చి బొలోన్యా వెళ్ళాం. ఫాస్ట్ ట్రైనులో నలభై నిమిషాల లోపే. ఊరు చదునుగా ఉంటుంది, వీధుల పక్కన అరుగుల మీద కప్పు వేసినట్టు వరండాలే వరండాలు, పాత ఊళ్ళోనే 38 కిలోమీటర్ల దాకా. 2021లో యునెస్కో జాబితాలో చేర్చారు. గొడుగు తెరవకుండా స్టేషన్ దగ్గర నుంచి నడిమధ్య దాకా దాదాపుగా నడిచేశాం. ఎక్కడ పడితే అక్కడ ఆగి కూర్చోవచ్చు. అమ్మ మొత్తం ప్రయాణంలో ఎక్కువ నడిచింది ఇక్కడే. అది చూసి మాకే ఆశ్చర్యం.

సైన్స్ చదివినవాళ్ళకి ఈ ఊరు పండగ. సాన్ పెత్రోనియో చర్చిలో నేల మీద సుమారు 67 మీటర్ల ఇత్తడి గీత ఉంది. 1655లో ఖగోళ శాస్త్రవేత్త కస్సీని వేయించాడు. పైకప్పులో ఉన్న చిన్న రంధ్రం నుంచి మిట్టమధ్యాహ్నం సూర్యబింబం ఆ గీత మీద పడుతుంది, రోజుని బట్టి చోటు మారుతుంది. వాన రోజు కాబట్టి మాకు కనబడలేదు. కప్ప కాళ్ళతో కరెంటు ప్రయోగాలు చేసిన గల్వానీది ఈ ఊరే, మార్కోని పుట్టిందీ ఇక్కడే. లారా బాస్సీ అనే ఆవిడ 1732లో ఇక్కడి యూనివర్సిటీలో చేరి పాఠాలు చెప్పే పదవి పొందారు. ఆడవాళ్ళు అందరి ముందు పాఠం చెప్పడానికి ఒప్పుకోరు కాబట్టి ఇంట్లోనే లాబ్ పెట్టుకుని, పిల్లల్ని పెంచుకుంటూ, ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పారు. మా అమ్మాయి ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

రెండు పాత టవర్లలో వాలిన గరిసెండా చుట్టూ 2023 అక్టోబర్ నుంచి అడ్డు కట్టేశారు, ఎత్తైన అసినెల్లి ఎక్కడానికి కూడా వీల్లేకుండా ఆపారు. బయటి నుంచి చూడటమే. తిండి మాత్రం శాకాహారులు జాగ్రత్త. తోర్తెల్లీనిలో మాంసం ఉంటుంది, పేరు దాదాపు ఒకేలా ఉండే తోర్తెల్లోనిలో చాలాసార్లు జున్ను, పాలకూర ఉంటాయి. తాజా పాస్తాలో గుడ్డు వేస్తారు. గుడ్డు తిననివాళ్ళు ఎండు పాస్తా అడగాలి.

సగం పూట చాలనుకుంటే

మూడు ఊళ్ళు చూశాక నాలుగో రోజు ఎవరికీ ఓపిక ఉండదు. ఆ రోజుకి ఫియెసోలె. ఫ్లోరెన్స్ సిటీ బస్సు ఏడో నంబరు, అరగంట లోపే కొండ మీదికి తీసుకెళ్తుంది. రోమన్ల కాలం నాటి రంగస్థలం, కింద ఫ్లోరెన్స్ అంతా పరుచుకుని కనిపించే చోటు. ఎండాకాలంలో కింద కంటే గాలి హాయిగా ఉంటుంది.

లియొనార్దో పుట్టిన వించి కూడా మంచిదే, అక్కడి మ్యూజియంలో ఆయన గీసిన యంత్రాలకి నమూనాలు చేసి పెట్టారు. ఎంపోలి దాకా ట్రైను, అక్కడి నుంచి బస్సు. పదేళ్ళు దాటిన పిల్లలుంటే వెళ్ళండి. అసలు ఊరు దాటే ఓపికే లేకపోతే ఫ్లోరెన్స్‌లోనే, ఉఫీజీ వెనక నది ఒడ్డున గెలీలియో మ్యూజియం ఉంది. ఆయన టెలిస్కోపులు, ఆయన వేలు కూడా గాజు బుడ్డిలో ఉన్నాయి. మా బాబుకి ఇటలీ అంటే ఇప్పటికీ ఆ వేలే.

టికెట్లూ మిగతా సంగతులూ

ట్రైన్లు రెండు రకాలు. రీజనాలె అనే మామూలు ట్రైనుకి రేటు ఎప్పుడు కొన్నా ఒకటే, సీటు రిజర్వేషన్ లేదు. పీసాకి పెద్దవాళ్ళకి ఒక వైపు సుమారు 10 యూరోలు. నాలుగేళ్ళ లోపు పిల్లలకి ఉచితం, పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి సగం. కాబట్టి నెల ముందు కొని ఇరుక్కోవద్దు, ఆ ఉదయమే కొనండి. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గర మెషీన్లో స్టాంప్ వేయించాలి. మరిచిపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. ఫాస్ట్ ట్రైన్లకి దీనికి వ్యతిరేకం, ముందే కొంటే చవక, కానీ ఆ ట్రైనుకే చెల్లుతుంది.

షోపెరో అన్న మాట కనబడితే సమ్మె అని అర్థం, ముందుగానే తేదీ ప్రకటిస్తారు. సమ్మె రోజు కూడా పని దినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రీజనాలె ట్రైన్లు తప్పకుండా నడపాలి. ఆ రోజు ఊరు దాటకపోవడమే మేలు. సోమవారం ఉఫీజీ, దావీదు విగ్రహం ఉన్న అకాదెమియా రెండూ మూసి ఉంటాయి కాబట్టి డే ట్రిప్‌లలో ఒకటి సోమవారానికి పెట్టుకోండి. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. అమ్మ చీరకి ఏ ఇబ్బందీ రాలేదు, నిక్కరేసుకున్న మావారినే ఒకచోట ఆపారు.

హోటళ్ళలో మధ్యాహ్నం భోజనం రెండున్నరకి ఆపేస్తారు, మళ్ళీ రాత్రి ఏడు దాటాకే. మన పిల్లలకి ఆకలి సరిగ్గా నాలుగింటికి వేస్తుంది. పులిహోర, చపాతీలు కట్టుకెళ్ళండి. పిజ్జాలో మరినారా అంటే జున్ను కూడా ఉండదు, టమాటా, వెల్లుల్లి మాత్రమే. సూపులు కూరగాయలవే అయినా కాచిన నీళ్ళు మాంసానివి కావచ్చు, "సెన్జా కార్నె" అంటే మాంసం లేకుండా అని అడగండి. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. నాన్నకి డాక్టర్ చెప్పిన పత్యం అలా కుదిరింది, అమ్మ మాత్రం బ్యాగులోంచి గోంగూర సీసా తీసింది.

ఆఖరి రోజు ఎక్కడికి వెళ్దామని ఈసారి ముందు నాన్ననే అడిగాను. ఆయన మ్యాపు చాలాసేపు చూసి ఫియెసోలె అన్నారు. పైన రంగస్థలం మెట్ల మీద మెల్లగా ఇరవై మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి, నాడి చూసుకుని, "ఇదిగో, ఇంతవరకు ఎక్కగలను" అన్నారు. తిరుగు బస్సుకి ఇంకా పాతిక నిమిషాలుంది. అమ్మ ఆలోపు మిగిలిన చపాతీలు అందరికీ పంచేసింది.